ప్రయోగం కళ్లారా చూసిన పిల్లలు కూడా పాత సమాధానమే ఎందుకు చెబుతున్నారు? (ఉన్నత పాఠశాల భౌతికశాస్త్రం)

ప్రశ్న: కళ్యాణదుర్గం టీచర్

అందరికీ నమస్కారం. నేను కళ్యాణదుర్గం ప్రాంతంలోని ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం బోధిస్తున్నాను. తొమ్మిది, పది తరగతులు నావే. ఒక్కో తరగతిలో నలభై మందికి అటూ ఇటూగా పిల్లలుంటారు. ప్రయోగశాల పేరుతో ఒక గది ఉంది గానీ, అందులో సగం పాత బెంచీలకే సరిపోయింది. పనికొచ్చే సామగ్రి అంతా ఒక బీరువాలో పడుతుంది. అయినా పాఠ్యపుస్తకంలోని కృత్యాలను వీలైనంతవరకు వదలకుండా పిల్లల చేతనే చేయిస్తున్నాను.

ప్రయోగం జరుగుతున్నంతసేపూ పిల్లల ఉత్సాహానికి లోటుండదు. కొలతలు తీసుకుంటారు, పట్టిక నింపుతారు, రికార్డు కూడా చక్కగా రాస్తారు. కానీ కొన్నాళ్లు పోయాక అదే విషయాన్ని కాస్త మార్చి అడిగితే, ఆ ప్రయోగం అసలు చేయనట్టే జవాబు చెబుతారు. లఘులోలకంలో గోళం బరువు మారినా ఆవర్తన కాలం (ఒకసారి ఊగి తిరిగి రావడానికి పట్టే సమయం) మారదని తామే కొలిచి రాసుకున్న పిల్లలు, ఒకే పొడవున్న రెండు తాళ్లకు ఒకదానికి ఇనుప నట్టు, ఇంకోదానికి చెక్క ముక్క కట్టి వదిలితే ఏది త్వరగా ఊగుతుందని అడిగినప్పుడు, ఎక్కువమంది తడుముకోకుండా ఇనుపదే అన్నారు. విద్యుత్తులో పరిస్థితి ఇంకా కష్టంగా ఉంది. శ్రేణిలో కలిపిన రెండు బల్బుల్లో మొదటిది కొంత కరెంటును వాడేసుకుంటుందనే నమ్మకం, ఓమ్ నియమం మీద లెక్కలన్నీ సరిగ్గా చేసే పిల్లల్లో కూడా అలాగే ఉంది.

నలభై అయిదు నిమిషాల పీరియడ్‌లో, ఈ కొద్దిపాటి సామగ్రితోనే, ప్రయోగం పిల్లల ఆలోచనను నిజంగా మార్చేలా చేయడం ఎలాగో అనుభవమున్నవారు చెప్పగలరా? కొత్త పరికరాల జాబితా కన్నా, తరగతి గదిలో ఏ పని తరువాత ఏ పని చేయించాలో తెలిస్తే నాకు ఎక్కువ మేలు జరుగుతుంది.

సమాధానం: ప్రొద్దుటూరు విశ్రాంత ఉపాధ్యాయుడు

టీచర్ గారికి నమస్కారం. నా సర్వీసంతా కడప జిల్లా పాఠశాలల్లోనే గడిచింది కాబట్టి మీ బీరువాలో ఏముంటుందో, ఏముండదో నాకు తెలుసు. మీ ప్రయోగాల్లో లోపమున్నట్టు నాకు అనిపించడం లేదు. ప్రయోగానికి ముందు జరగవలసిన పని ఒకటి మన పాఠ్యప్రణాళికల్లో సాధారణంగా కనబడదు. ఏం జరగబోతోందో ప్రతి పిల్లా, ప్రతి పిల్లవాడూ ముందే నోట్సులో రాసి, ఆ మాట మీద నిలబడాలి. అలా నిలబడని పిల్లలకు ప్రయోగ ఫలితం ఒక సమాచారంగానే మిగిలిపోతుంది. తన మాట నిలుస్తుందో లేదో తేలబోతున్నప్పుడు మాత్రం అదే ఫలితాన్ని వాళ్లు కళ్లార్పకుండా చూస్తారు.

మీరు చెప్పిన బల్బులనే తీసుకుందాం. రెండు టార్చి బల్బులు, రెండు సెల్లులు, నాలుగు తీగ ముక్కలు చాలు. వలయాన్ని కలిపి పెట్టండి గానీ ఒక చోట తీగను విడదీసి ఉంచండి. సెల్లు ధనధ్రువానికి దగ్గరగా ఉన్నది మొదటి బల్బు, దూరంగా ఉన్నది రెండోది. మొదటిది ఎక్కువ వెలుగుతుందా, రెండోది ఎక్కువ వెలుగుతుందా, రెండూ సమానమా అని అడిగి, ఒక్క నిమిషం ఎవరితోనూ మాట్లాడకుండా రాయించండి. తరువాత చేతులెత్తించి, ఏ అభిప్రాయానికి ఎంతమందో బోర్డు మీద అంకె వేయండి. ఏది సరైనదో మీ ముఖంలో కూడా కనబడకూడదు. అప్పుడు తనతో ఏకీభవించని పక్కవారిని ఒప్పించమని రెండు, మూడు నిమిషాలు ఇవ్వండి. గది గోలగా ఉంటుంది, కానీ ఆ గోలంతా భౌతికశాస్త్రం గురించే.

ఈ దశలో పిల్లల వాదనలు చెవి పెట్టి వినడం చాలా అవసరం. ఒక అబ్బాయి నాతో, "కాలవలో మొదటి పొలానికి పారినాకనే గదా సార్ కడపటి పొలానికి వచ్చేది, కడపటోళ్లకు ఎప్పుడూ తక్కువే" అన్నాడు. కేసీ కాలువ చివరి ఆయకట్టు కింద పెరిగిన పిల్లవాడికి అంతకన్నా సహజమైన ఆలోచన ఇంకేముంటుంది? విద్యుత్ ప్రవాహం నీటి ప్రవాహం లాంటిదని మనమే చెప్పి, దానికి బలం చేకూరుస్తున్నాం కూడా. కాలువ నీరు పొలంలో ఇంకిపోతుంది, తిరిగి రాదు. వలయంలోని ఆవేశం ఎక్కడా ఇంకిపోదు, సెల్లు గుండా మళ్లీ తిరిగి వస్తుంది, బల్బులో ఖర్చయ్యేది శక్తి మాత్రమే. ఈ తేడాను ఆ పిల్లవాడి పొలం దగ్గరే మొదలుపెట్టి చెబితే గానీ తలకెక్కదు.

ఇప్పుడు తీగ కలపండి. ఇక్కడ జాగ్రత్తగా చూసుకోవలసినది ఒకటుంది. అంగట్లో దొరికే టార్చి బల్బులు రెండూ అచ్చం ఒకేలా ఉండవు. ఒకటి కొద్దిగా ఎక్కువ వెలుగుతుంది. అది మొదటి స్థానంలో ఉంటే "చూశారా సార్" అని సగం తరగతి లేచి నిలబడుతుంది. వాళ్లను ఆపకండి. బల్బులను అటూ ఇటూ మార్చి పెడితే ఏమవుతుందని మళ్లీ అడిగి, మళ్లీ రాయించి, అప్పుడు మార్చండి. ఎక్కువ వెలిగిన బల్బు ఏ స్థానంలో పెట్టినా ఎక్కువే వెలుగుతుంది. తేడా స్థానంలో లేదనీ, బల్బు ఫిలమెంటులో ఉందనీ పిల్లలే చెబుతారు. నా దృష్టిలో, సరిగ్గా సమానంగా వెలిగే బల్బుల జత కన్నా ఈ తేడా ఉన్న జతే పాఠానికి ఎక్కువ ఉపయోగపడుతుంది. చివరగా మల్టీమీటరుతో మొదటి బల్బుకు ముందు, రెండింటి మధ్య, రెండో బల్బు తరువాత ప్రవాహాన్ని కొలిపించండి. మూడు చోట్లా ఒకే అంకె వస్తుంది. మీటరులో 10 ఆంపియర్ల రంధ్రాన్నే వాడించండి. మిల్లీఆంపియర్ల రంధ్రంలో పెడితే, టార్చి బల్బుల ప్రవాహానికే చాలా చౌకరకం మీటర్ల ఫ్యూజు కాలిపోతుంది.

మొత్తం పని ఒక పీరియడ్‌లో అయిపోతుంది. తరువాతి పీరియడ్ మొదట్లోనే, మూడు బల్బులు పెడితే ఏమవుతుందన్న ప్రశ్నను ప్రయోగం లేకుండా అడగండి. ఆలోచన ఎంతవరకు మారిందో అక్కడ తెలుస్తుంది.

సమాధానం: కర్నూలు జూనియర్ లెక్చరర్

పెద్దలు చెప్పిన బల్బుల పాఠం నాకు నచ్చింది, అయినా నా సందేహాన్ని దాచుకోకుండా రాస్తున్నాను. నేను కర్నూలులో ఇంటర్మీడియట్ విద్యార్థులకు బోధిస్తాను. మా పిల్లలు రెండేళ్ల తరువాత రాసే ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్‌లో 180 నిమిషాల్లో 160 ప్రశ్నలకు జవాబు గుర్తించాలి, అందులో 40 భౌతికశాస్త్రానివి. ఒక్కో భావనకు ఒక్కో పీరియడ్ చొప్పున వాదనలకే ఇచ్చేస్తే భ్రమణ చలనం, ఉష్ణగతికశాస్త్రం ఎప్పుడు పూర్తి చేయాలి? లెక్కల సాధనకు సమయం ఎక్కడి నుంచి తేవాలి?

రెండో విషయం. ప్రయోగం నుంచి నియమాన్ని పిల్లలే కనిపెడతారని ఆశించడం సరైనది కాదని నా అభిప్రాయం. న్యూటన్ నియమాలకు మనిషి చేరడానికి శతాబ్దాలు పట్టింది. నలభై అయిదు నిమిషాల్లో పిల్లలు చేరరు. స్పష్టంగా, క్రమంగా, మంచి ఉదాహరణలతో చెప్పే ఉపాధ్యాయుడి వివరణకు ప్రత్యామ్నాయం లేదు. గుంపులుగా పని చేయించినప్పుడు ప్రతి గుంపులోనూ చురుకైన పిల్ల ఒకరే చేయడం, మిగతావాళ్లు ఆ జవాబును ఎక్కించుకోవడం నేను ఎన్నోసార్లు చూశాను. దీనికి మీరు ఏమంటారు?

సమాధానం: ఆదోని భౌతికం

లెక్చరర్ గారి ప్రశ్నలు న్యాయమైనవి. వాటికి అభిప్రాయాలతో కాక, ఇప్పటికే జరిగిన పరిశోధనతో జవాబు చెప్పడం మేలు.

ఈ సమస్య మన ప్రాంతానిదో, పల్లెటూరి పిల్లలదో కాదు. అమెరికాలోని అరిజోనా స్టేట్ విశ్వవిద్యాలయానికి చెందిన డేవిడ్ హెస్టెనెస్, ఆయన సహచరులు 1992లో బలం, చలనం గురించిన భావనలను పరీక్షించే ప్రశ్నావళి ఒకటి ప్రచురించారు. అందులో లెక్కలుండవు, సూత్రాలుండవు. హార్వర్డ్‌లో భౌతికశాస్త్ర ఆచార్యుడు ఎరిక్ మజూర్ అలాంటి ప్రశ్నలనే తన విద్యార్థులకు ఇచ్చినప్పుడు, కఠినమైన లెక్కలు చేయగలిగినవారిలో కూడా ఎంతోమంది ఈ సాదా ప్రశ్నల దగ్గర తడబడ్డారు. ముందు ఎవరికి వారు జవాబు ఎంచుకోవడం, తరువాత పక్కవారితో వాదించడం, మళ్లీ ఎంచుకోవడం అనే పద్ధతిని ఆయన 1990ల తొలినాళ్లలో రూపొందించింది అందుకే. ప్రొద్దుటూరు సార్ చెప్పిన క్రమం దానికి చాలా దగ్గరగా ఉంది.

1998లో అమెరికా భౌతికశాస్త్రవేత్త రిచర్డ్ హేక్ అదే తరహా పరీక్షల ఫలితాలను 62 కోర్సుల నుంచి, 6,500కు పైగా విద్యార్థుల నుంచి సేకరించి పోల్చారు. కోర్సు మొదట్లో విద్యార్థులకు తెలియని దానిలో ఎంత భాగం చివరికి నేర్చుకున్నారన్నది ఆయన కొలమానం. ఉపన్యాస పద్ధతిలో నడిచిన కోర్సుల సగటు 0.23 కాగా, విద్యార్థుల చేత ఆలోచింపజేసి, చేయించి, వెంటనే చర్చించిన కోర్సుల సగటు 0.48.

కళ్యాణదుర్గం టీచర్ గారి ప్రశ్నకు నేరుగా సంబంధించిన పని 2004లో మజూర్ బృందం నుంచే వచ్చింది. తరగతిలో ప్రదర్శన ప్రయోగాన్ని కేవలం చూసిన విద్యార్థులు, తరువాత దాన్ని వివరించమంటే, అసలు చూడనివారి కన్నా చెప్పుకోదగినంత మెరుగ్గా ఏమీ లేరు. చూడకముందే ఫలితాన్ని ఊహించి చెప్పినవారు మాత్రం మెరుగయ్యారు. ఊహించడానికి అదనంగా పట్టిన సమయం సుమారు రెండు నిమిషాలు. లెక్చరర్ గారు అడిగిన సమయం గురించి నేను చెప్పగలిగింది ఇదే: మీరు ఇప్పటికే చూపిస్తున్న ప్రదర్శనలకు ముందు రెండేసి నిమిషాలు కలపండి, అంతవరకే. అది సిలబస్‌ను ఆపదు.

వివరణకు ప్రత్యామ్నాయం లేదన్న మాటను నేనూ ఒప్పుకుంటాను. కనిపెట్టడం పిల్లల వంతు కాదు. ప్రయోగం అయిన వెంటనే, "నేను అనుకున్నది ఎందుకు జరగలేదు" అన్న ప్రశ్న వాళ్లలో వేడిగా ఉన్నప్పుడే, ఉపాధ్యాయుడు స్పష్టంగా వివరించాలి. అదే వివరణ ఆ ప్రశ్న పుట్టకముందు చెప్పినప్పుడు అంతగా అంటదు. ఇక 2019లో హార్వర్డ్‌లోనే జరిగిన ఇంకో అధ్యయనం ఒక హెచ్చరిక చేసింది. చురుకుగా పాల్గొన్న తరగతిలోని విద్యార్థులు పరీక్షలో ఎక్కువ నేర్చుకున్నట్టు తేలింది గానీ, తాము తక్కువ నేర్చుకున్నామని వాళ్లు భావించారు. సాఫీగా సాగే ఉపన్యాసం అంతా అర్థమైనట్టు అనిపిస్తుంది. కాబట్టి, "సార్, మీరే చెప్పేయండి" అని పిల్లలు అడిగితే ఆ పద్ధతి పనిచేయడం లేదని అర్థం చేసుకోకూడదు.

సమాధానం: ఎస్కేయూ ఎమ్మెస్సీ విద్యార్థిని

నేను అనంతపురంలో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం చదువుతున్నాను. దగ్గరి పాఠశాలల్లో పిల్లలకు ప్రయోగాలు చేయించడానికి స్నేహితులతో కలిసి వెళుతుంటాను. సామగ్రి తక్కువ ఉన్నచోట మా ప్రాంతపు ఎండే పెద్ద పరికరమని నా అనుభవం.

చిన్న అద్దం ముక్క మీద, మధ్యలో బఠాణీ గింజంత రంధ్రమున్న నల్ల కాగితం అంటించి, ఎండలో పెట్టి, ఆ వెలుగును దూరంగా నీడలో ఉన్న గోడ మీద పడేలా తిప్పుతాం. రంధ్రాన్ని త్రిభుజాకారంలో కత్తిరిస్తే గోడ మీద వెలుగు ఏ ఆకారంలో పడుతుందని ముందు అడుగుతాం. దాదాపు తరగతి మొత్తం త్రిభుజమనే రాస్తుంది. అద్దాన్ని గోడకు దగ్గరగా పట్టుకుంటే త్రిభుజమే కనబడుతుంది కూడా. అక్కడి నుంచి ఒక్కో అడుగూ వెనక్కి నడుస్తుంటే మూలలు కరిగిపోయి, చివరికి గుండ్రటి బింబం మిగులుతుంది. అది రంధ్రం ఆకారం కాదు, సూర్యుడి ప్రతిబింబం. అద్దం నుంచి గోడకు 20 మీటర్ల దూరముంటే ఆ బింబం వ్యాసం సుమారు 18 నుంచి 19 సెంటీమీటర్లు వస్తుంది. సూర్యుడి దూరం 15 కోట్ల కిలోమీటర్లని తీసుకుని నిష్పత్తి కడితే, వ్యాసం సుమారు 14 లక్షల కిలోమీటర్లని పదో తరగతి పిల్లలే లెక్క తేలుస్తారు. టేపుతో కొలిచిన అమ్మాయి ఆ అంకెను చూసి, మళ్లీ వెళ్లి కొలిచి వచ్చింది. సూర్యుడి వైపు గానీ, అద్దంలోకి గానీ నేరుగా చూడకూడదని ముందే గట్టిగా చెప్పాలి. అద్దాన్ని పెద్దవాళ్లే పట్టుకోవాలి.

లోలకానికి సంబంధించి ఒక సూచన. ఒక్క డోలనానికి పట్టే కాలాన్ని కొలిస్తే పిల్లల చేతివేగం తేడాలే ఫలితాన్ని మింగేస్తాయి. మీటరు పొడవున్న లోలకానికి 20 డోలనాలకు సుమారు 40 సెకన్లు పడుతుంది. గడియారాన్ని నొక్కడంలో పావు సెకను తేడా వచ్చినా, అది 20 డోలనాలకు పంచుకుపోతుంది. పెద్ద నట్టు కట్టినప్పుడు పొడవును నట్టు మధ్య వరకు కొలిచి సరిచేయకపోతే, ఆవర్తన కాలం కొద్దిగా మారి, బరువు వల్లనే మారిందని పిల్లలు పొరబడతారు. టీచర్ గారి తరగతిలో పాత నమ్మకం నిలిచిపోవడానికి ఇదీ ఒక కారణం కావచ్చు. పొడవును 25 సెంటీమీటర్లకు తగ్గిస్తే కాలం ఎంతవుతుందని కూడా ముందే రాయించండి. పావు వంతు అవుతుందని చాలామంది రాస్తారు. కొలిస్తే సగమే అవుతుంది.

నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది భాష. ఇప్పుడు ప్రభుత్వ పాఠశాలల పుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషులో, ఎదుటి పేజీ తెలుగులో ఉంటున్నాయి. పరీక్షను ఎక్కువమంది ఇంగ్లీషులో రాస్తారు కాబట్టి చర్చ కూడా ఇంగ్లీషులో జరగాలని పట్టుబడితే, వాదించగల పిల్లలు ఇద్దరో ముగ్గురో మిగులుతారు. ఊహ, వాదన, వివరణ అన్నీ పిల్లల మాటల్లోనే, ఇంట్లో మాట్లాడే తెలుగులోనే సాగనివ్వండి. సరిహద్దు పల్లెల్లో అయితే కన్నడలోనైనా సరే. భావన కుదిరాక, దాన్ని ఇంగ్లీషు వాక్యంలోకి తీసుకురావడం వేరే పనిగా చివరి పది నిమిషాల్లో చేయించవచ్చు.

కళ్యాణదుర్గం టీచర్

ఇంత ఓపికగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. వచ్చే వారం విద్యుత్ పాఠాన్ని ప్రొద్దుటూరు సార్ చెప్పిన క్రమంలోనే మొదలుపెడతాను. నట్టు మధ్య వరకు పొడవు కొలవాలన్న మాట చదివాక, మా పిల్లల పాత పట్టికలను తీసి చూడాలనిపించింది. లెక్చరర్ గారు అడిగిన గుంపుల సమస్య మా దగ్గర ఇంకో రూపంలో ఉంది. అబ్బాయిలు మీటరు, తీగలు పట్టుకుంటారు, అమ్మాయిలు కొలతలు రాస్తారు. ఎవరూ చెప్పకుండానే అలా సర్దుకుంటున్నారు. దీన్ని పిల్లలను నొప్పించకుండా మార్చే పద్ధతి ఉందా?

ప్రొద్దుటూరు విశ్రాంత ఉపాధ్యాయుడు

ఉంది, టీచర్ గారూ. నలుగురికి మించకుండా గుంపులు చేయండి. ఒకరు పరికరం కలపాలి, ఒకరు కొలవాలి, ఒకరు రాయాలి. చివర్లో నలుగురిలో ఒకరు గుంపు అనుకున్నదేమిటో, జరిగిందేమిటో తరగతికి చెప్పాలి. మొదటి మూడు పనులు ప్రతి ప్రయోగానికీ ఒక్కో స్థానం జరగాలి. వాటిలో ఎవరికి ఏ పనో చార్టు మీద రాసి గోడకు అంటిస్తే మీరు ఎవరి పేరూ ఎత్తి చెప్పనవసరం లేదు. అమ్మాయిలు మాత్రమే ఉన్న గుంపులు రెండు, మూడు ఉండటం కూడా మంచిదే. అక్కడ తీగలు కలపక తప్పదు. చెప్పవలసిన మనిషి ఎవరన్నది గుంపు పని ముగిశాకే ప్రకటించండి. అప్పుడు నలుగురూ అర్థం చేసుకోక తప్పదు. చురుకైన ఒక్కరి జవాబునే అందరూ ఎక్కించుకోవడం గురించి కర్నూలు సార్ అడిగినదానికి కూడా నా దగ్గరున్న జవాబు ఇదే.

మార్కుల విషయం కూడా చెబుతాను. ముందుగా రాసిన ఊహ తప్పయితే పిల్లలు ఆ పేజీని కొట్టివేయాలని, కొందరైతే చించివేయాలని చూస్తారు. అలా చేయనివ్వకండి. ఊహ ఎడమ పేజీలో, ప్రయోగం తరువాతి వివరణ దానికి ఎదురుగా కుడి పేజీలో ఉండాలి. అంతర్గత మార్కులు వేసేటప్పుడు ఊహ తప్పయినందుకు ఒక్క మార్కు కూడా తగ్గించవద్దు. ఎడమ పేజీలోని ఆలోచన ఎక్కడ దెబ్బతిన్నదో కుడి పేజీలో ఎంత స్పష్టంగా రాశారన్నదే చూడండి. ఈ మాటను మొదటి రోజే తరగతికి చెప్పేయండి.

బల్బుల పాఠం అయ్యాక మూడు అభిప్రాయాలకూ ఎన్నెన్ని చేతులు లేచాయో ఇక్కడ రాయండి. ఆదోని సార్, కర్నూలు సార్ కూడా తమ తరగతుల్లో అదే ప్రశ్న అడిగి అంకెలు పెడితే, పదో తరగతికీ ఇంటర్‌కూ ఎంత తేడా ఉందో మనకే తెలుస్తుంది.